మూలుగని రోగి

ఇంటి ఆవు మేత మానినచో ఆ పూటకే గృహస్థునకు తెలియును. కుక్క కుంటినచో, పిల్లి మూల నక్కినచో, ఇంటిలోని పసిబిడ్డయు గుర్తించును. అవి అరచును, మూలుగును, మన ముఖము చూచి తమ బాధ చెప్పుకొనును. కాని పిల్లల ముచ్చటకై అంగడినుండి తెచ్చి గాజుతొట్టెలో నుంచిన తాబేలు పది దినములు మేత ముట్టక కదలకున్నచో, అది రోగమో, నిద్రయో, దాని స్వభావమో చెప్పగలవారెవరు? దాని ముఖమున బాధ కానరాదు. దానికి మూలుగు లేదు. తాబేటికి మనకున్నట్లు ఉదరవితానమను కండరము లేదు గనుక, ఊపిరితిత్తులలో కఫము నిండినను చక్కగా దగ్గి బయటకు నెట్టజాలదు. కన్నులు వాచి మూసికొనిపోయిన పిదపనో, డిప్ప మెత్తబడిన పిదపనో ఇంటివారు కీడు శంకింతురు. అప్పుడు మరియొక ప్రశ్న ఎదురగును: దీనిని ఎవరియొద్దకు కొనిపోవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు మానవజాతికి చాల కాలము పట్టినది. గుర్రపు వైద్యునకు వేల యేండ్ల చరిత్ర కలదు. సరీసృపముల వైద్యునకు గట్టిగా నూరేండ్ల చరిత్రయైనను లేదు. ఆ ఆలస్యమునకు కారణమేమో, అది ఎట్లు తీరినదో తెలిసికొనుట నేటి గృహస్థులకును ఉపయోగకరమే.

మన దేశమున జంతువైద్యము అతిప్రాచీనము. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము, పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదము వెలసినవి. గోవులకు వైద్యము కలదు. చెట్లకు సయితము వృక్షాయుర్వేదము కలదు. గుర్రమును ఏనుగును రాజునకు సేనాంగములు; ఎద్దు రైతునకు ప్రాణము; చెట్టు ఫలమిచ్చును. ఉపయోగము గలచోట వైద్యము పుట్టినది. పాముల విషయమున మన పూర్వులు పరిశీలన చేయకపోలేదు. సుశ్రుతసంహితలోని కల్పస్థానమున దర్వీకరములు, మండలులు, రాజిమంతములు, నిర్విషములు, వైకరంజములు అని పాములను ఐదు తెగలుగా విభజించి చెప్పిరి. కాని ఆ పరిశీలన యంతయు కాటుపడిన మనుష్యుని బ్రతికించుటకే. పాము రోగియైనచో ఏమి చేయవలెనన్న ఆలోచన అందు లేదు. ఉండవలెనని ఆశించుటయు న్యాయము కాదు.

భక్తి మాత్రము కొరవడలేదు. విష్ణువు కూర్మరూపము దాల్చెనని నమ్మినవారము మనము. కార్తికమాసమున నాగులచవితినాడు తెలుగునాట పుట్టలో పాలు పోయుట ఆచారము. కాని పాలు పాము ఆహారము కావు. పండుగకు ముందు దానిని దప్పికతో మాడ్చి పాములవాడు త్రాగించిన పాలు దానికి చేటే తెచ్చును. పూజించుట వేరు, పూజింపబడు జీవి శరీరధర్మము నెరుగుట వేరు అనుటకు ఇంతకంటె తార్కాణము అక్కరలేదు.

పాశ్చాత్యదేశములలోను కథ ఇంచుమించు ఇంతే. ఆధునిక పశువైద్యవిద్యకు నాంది ఫ్రాన్సు దేశమున, లియాన్ నగరమున, 1761లో జరిగినది. క్లాడ్ బూర్జెలా అను అశ్వవిద్యానిపుణుడు అచ్చట తొలి పశువైద్య పాఠశాలను స్థాపించెను. ఐరోపాలో పశువుల మందలను తుడిచిపెట్టుచుండిన మహమ్మారిని అరికట్టుట ప్రభుత్వమువారి ముఖ్యోద్దేశము. లండనులో 1791లో వెలసిన కళాశాలకును గుర్రమే కేంద్రము. మన దేశమున లాహోరులో 1882లోను, బొంబాయిలో 1886లోను, మద్రాసులో 1903లోను పశువైద్య విద్యాలయములు ఏర్పడినవి. హైదరాబాదున 1946లోను, తిరుపతిలో 1955లోను కళాశాలలు నెలకొన్నవి. సైన్యపు గుర్రములు, రైతుల ఎడ్లు, పాడి గేదెలు, తరువాత కోళ్ళు, ఇవియే ఆ విద్యకు విషయములు. అందు తప్పు లేదు. దేశమునకు ఏది అవసరమో దానినే నేర్పిరి. తాబేలు ఆ పట్టికలో చేరుటకు వేరు దారి కావలసివచ్చెను.

ఆ దారిలో తొలి మజిలీగా చెప్పదగినవి ఇంగ్లండులోని రెండు తాబేళ్ళు. మొదటిది కాంటర్బరీ ఆర్చిబిషప్పు విలియం లాడ్ పెంచినదని ప్రసిద్ధి కెక్కినది. లాడ్ 1645లో శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఆయన తాబేలు మాత్రము లాంబెత్ భవనపు తోటలో నూరేండ్లకు పైగా బ్రతికి, 1753లో ఒక తోటమాలి ఏమరుపాటువలన చచ్చెనని చెప్పుదురు. ఎందరో ఆర్చిబిషప్పులు మారినను చెక్కుచెదరని ప్రాణి, ఒక సేవకుని అజ్ఞానమునకు బలియైనది. దాని డిప్పను ఆ భవనమున భద్రపరచిరి.

రెండవది తిమోతి. ససెక్సు మండలమున రింగ్మర్ గ్రామములోని రెబెకా స్నూక్ అను గృహిణి దానిని అనేక సంవత్సరములు పెంచినది. ఆమె 1780లో మరణింపగా, ఆమె మేనల్లుడు, ప్రకృతిపరిశీలకుడైన గిల్బర్ట్ వైట్, నిద్రలోనున్న తాబేటిని మంటినుండి త్రవ్వి తీసి, బండిలో తన సెల్బోర్న్ గ్రామమునకు కొనిపోయెను. అతడు దానికి వైద్యుడు కాడు. కాని వైద్యునకు కావలసిన మొదటి గుణము అతనికుండెను. చూచినది చూచినట్లు వ్రాసికొనుట అతని అలవాటు. అది ఏ దినమున నేలలోనికి దూరెను, ఏ దినమున వెలికివచ్చెను, వానకు ఎట్లు బెదరెను, ఏ యాకు మేసెను అన్నియు దినచర్యలో వ్రాసెను. అంతకంటె విశేషము, దానిని త్రాసులో తూచి బరువు గుర్తించుచుండెను. అది 6 పౌనులకు పైచిలుకు, అనగా సుమారు 3 కిలోలు తూగెడిది. తూచి ఏమి చేయవలెనో ఆ కాలమున ఎవరికిని తెలియదు. వైట్ 1793లో గతించెను. మరుసటి యేడు తిమోతియు చనిపోయెను. మగపేరుతో పిలువబడిన ఆ తాబేలు ఆడదని తరువాతి పండితులు డిప్పను చూచి తేల్చిరి. పెంచినవారు దాని జాతిలింగములనైనను ఎరుగకుండ అన్ని సంవత్సరములు గడచినవన్నచో, దాని రోగములను ఎరుగకుండుట వింత కాదు.

తరువాతి మజిలీ జంతుప్రదర్శనశాల. లండనులోని జంతుశాస్త్ర సంఘమువారి ఉద్యానము 1828లో తెరువబడెను. కొలది యేండ్లకే విలియం యూయట్ అను పేరుగన్న పశువైద్యుడు అచ్చటి జంతువులను పరీక్షించుటకు రాసాగెను. అదే ఉద్యానమున 1849లో సరీసృపములకై ప్రత్యేకగృహము నిర్మించిరి. ప్రపంచమున అట్టి గృహములలో అదియే మొదటిదని పేరు. కాని అచ్చటను పాములు, మొసళ్ళు, తాబేళ్ళు వచ్చుట, చచ్చుట, వాని స్థానమున క్రొత్తవి వచ్చుట, ఇదియే వరుస. సీమచలికి గదిని వెచ్చపరచిన చాలునని తలచిరి. పాముల నోరు కుళ్ళు రోగము వచ్చినచో ఇక ఆశ వదలుకొనుటయే మార్గముగా నుండెను. 1852లో ఎడ్వర్డ్ గర్లింగ్ అను కాపరి త్రాచుకాటున ప్రాణము కోల్పోయిన పిదప, ఆ రోగుల దగ్గరకు పోవుటకే జనులు జంకిరనిన ఆశ్చర్యమేమి?

ఇచ్చట ఒక సింహపు కథ చెప్పవలసి యున్నది. సరీసృపములకు దానితో నేమి సంబంధమని శంకింపవలదు. అదే ఉద్యానమున సింహపు పిల్లలు ఎముకలు మెత్తబడు రోగముచే చచ్చుచుండెను. 1889లో జాన్ బ్లాండ్-సట్టన్ అను వైద్యుడు, ఎముకలేని మాంసముతోపాటు నలిపిన ఎముకలను, కాడ్ చేప కాలేయపు నూనెను పెట్టించెను. పిల్లలు కోలుకొనెను. ఆ నూనెలో నేమున్నదో అప్పటికి తెలియదు. 1919లో బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అదే రోగముగల మనుష్యశిశువులను నూనెతో గాక అతినీలలోహిత కిరణములను వెదజల్లు దీపముతో నయము చేసెను. ఎండకును ఎముకకును బంధము కలదని తేలెను. చర్మముపై అట్టి కిరణములు పడినపుడు శరీరమున డి విటమిను తయారగును. ఆ విటమిను లేనిచో తిన్న సున్నము ఎముకకు చేరదు. ఈ సత్యము పగలెల్ల ఎండ కాచుకొను బల్లిజాతులకును తాబేళ్ళకును ఎంత ముఖ్యమో గ్రహించుటకు ఒక స్త్రీ రావలసివచ్చెను.

ఆమె పేరు జోన్ బోషాం ప్రోక్టర్. 1897లో లండనున జన్మించినది. చిన్ననాటినుండి ఉదరవ్యాధి పీడితురాలు. ఆ అనారోగ్యమువలననే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు పోజాలక పోయెను. బొమ్మలతో ఆడు ప్రాయమునుండియు బల్లులను పాములను పెంచినది. పదునారేండ్ల ప్రాయమున ఒక చిన్న మొసలిని పాఠశాలకు కొనిపోయి ఉపాధ్యాయులను కలవరపెట్టినదని చెప్పుదురు. ఆమె శ్రద్ధను గమనించి, బ్రిటిష్ మ్యూజియమున సరీసృపవిభాగమును చూచుచుండిన జార్జి బూలాంజే అను పండితుడు ఆమెను సహాయకురాలిగా చేర్చుకొనెను. 1923లో ఆమె లండను జంతుప్రదర్శనశాలయందు సరీసృపవిభాగాధికారిణి అయ్యెను.

ఆమె యోజన ప్రకారము కట్టిన క్రొత్త సరీసృపగృహము 1927లో తెరువబడెను. అందు విశేషము గోడలలో లేదు. గోడలవెనుక నున్న ఆలోచనలో కలదు. గృహమంతటిని ఒకే తీరున వెచ్చపరచుటకు మారుగా, విద్యుత్తుతో ఒక్కొక్క చోటును ఒక్కొక్క తీరున వెచ్చజేయు ఏర్పాటు గావించినది. సాధారణపు గాజు అతినీలలోహిత కిరణములను అడ్డగించును గనుక, వానిని లోనికి రానిచ్చు ప్రత్యేకపు గాజును వాడినది. అనగా ఆ కట్టడమే సగము ఔషధము. రోగము వచ్చిన పిదప మందు వెదకుటకంటె, ఆ జీవి పుట్టిన చోటి వేడిమిని, వెలుతురును దానికి తిరిగి యిచ్చుట మేలను సూత్రము ఆ గృహమున తొలిసారి స్పష్టముగా రూపు దాల్చినది.

ఆ సంవత్సరమే ఇండోనీషియా దీవులనుండి రెండు కొమోడో ఉడుములు ఆ గృహమునకు వచ్చినవి. శాస్త్రజ్ఞులు ఆ జాతిని గూర్చి 1912లో మాత్రమే తొలుత వ్రాసి యుండిరి. అవి మనుష్యునికంటె పొడవుగా పెరుగు భీకరజంతువులని ప్రతీతి. ప్రోక్టర్ వానిలో సుంబావా అను దానిని ఎంత మచ్చిక చేసినదనగా, 1928లో పండితసభకు దానిని స్వయముగా కొనివచ్చి, చేతితో నిమురుచు, ఆహారము పెట్టుచు తన ప్రసంగము గావించినది. ఈ సాహసము పత్రికలవారిని ఆకర్షించినది. కాని మనకు ముఖ్యమైనది అది కాదు. తాకనిచ్చు జంతువునే పరీక్షింపవచ్చును. నోరు తెరచి చూడనిచ్చిన రోగికే పుండు కనిపెట్టవచ్చును. మచ్చిక ఆమెకు వినోదము కాదు, చికిత్సకు తొలిమెట్టు. ఆమె తన ఉద్యానములోని రోగనిర్ణయనిపుణులతో కలిసి, అంతవరకు ఎవరును గుర్తింపని సరీసృపరోగములను గుర్తించి, కొన్నింటికి శస్త్రచికిత్సయు చేసినది.

ఆమె దేహము మాత్రము ఆమెకు సహకరింపలేదు. అనేకమారులు శస్త్రచికిత్సలకు లోనై, తుదకు నడచుటయే కష్టమై, చిన్న వాహనముపై కూర్చుండి ఉద్యానమున తిరిగెడిదట. 1931లో, ముప్పదినాలుగేండ్ల ప్రాయమున, ఆమె మరణించెను. తన బాధను బయటపెట్టని రోగి మరియొక మూలుగని రోగి కొరకు చేసిన సేవగా ఆమె జీవితమును స్మరించుట అతిశయోక్తి కాదు.

ఆమె పిదప కొంతకాలము ప్రగతి మందగించెను. ప్రపంచయుద్ధానంతరము మాత్రము సమస్య జంతుప్రదర్శనశాల గోడలు దాటి ఇండ్లలోనికి వచ్చినది. మధ్యధరా తీరమునుండి తాబేళ్ళను ఓడలలో లెక్కకు మిక్కిలిగా బ్రిటను దేశమునకు తెచ్చి పిల్లలకు అమ్మిరి. అమెరికాలో చిన్న నీటితాబేళ్ళను చవుక ఆటవస్తువులవలె విక్రయించిరి. వానిలో అత్యధికభాగము అచిరకాలముననే చచ్చినవి. పెంచువారు బజారునుండి పశువైద్యుని గుమ్మమునకు పరుగెత్తసాగిరి. వైద్యుడు తన పుస్తకములు తిరుగవేసి వట్టిచేతులు చూపవలసి వచ్చెను. ఆ లోటును తీర్చుటకు పరిశోధకులు పూనుకొనిరి. 1967లో ఎల్కన్, జ్వార్ట్ అను ఇరువురు చిన్న నీటితాబేళ్ళ కన్నులు వాచి మూసికొనిపోవు వ్యాధికి ఏ విటమిను లోపము కారణమని నిరూపించిరి. అంతవరకు కంటిలో మందు వేసి ఊరకుండిన వారికి, అసలు దోషము గిన్నెలోని మేతయందున్నదని తెలిసెను.

తరువాత జరిగిన ఒక పరిశోధన మానవవైద్యమునకును కనువిప్పు కలిగించినది. మనకు జ్వరము వచ్చినపుడు శరీరము తానుగా వేడెక్కును. సరీసృపములకు అట్టి లోపలి కొలిమి లేదు. వెలుపలి వేడిమియే వాని వేడిమి. మరి వానికి జ్వరము వచ్చునా? అమెరికాలో మాథ్యూ క్లూగర్ మున్నగువారు 1974లో ఎడారి ఇగ్వానా అను బల్లిజాతికి మృతసూక్ష్మజీవులను సూదిద్వారా ఎక్కించి చూచిరి. ఆ బల్లులు తాముగా మునుపటికంటె వేడిగానున్న చోటికి జరిగి, తమ శరీరమును సుమారు రెండు డిగ్రీలు వేడెక్కించుకొనినవి. కాళ్ళతో నడచిపోయి జ్వరము తెచ్చుకొనినవన్నమాట! మరుసటియేడు సజీవసూక్ష్మజీవులను ఎక్కించి, కొన్నింటిని చల్లనిచోటను కొన్నింటిని వేడిచోటను ఉంచిరి. వేడిమి హెచ్చినకొలది బ్రతికినవాని సంఖ్య హెచ్చెను. జ్వరము కేవలము రోగలక్షణము కాదు, రోగముతో పోరాడు సాధనమని అందరికిని బోధపడెను. రోగియైన తాబేటిని చల్లని నేలపై ఒంటరిగా పడవైచుట దాని చేతిలోని ఆయుధమును లాగికొనుటయే యని కూడ బోధపడెను.

మందుల విషయమున మరికొన్ని కఠినపాఠములు నేర్వవలసి వచ్చెను. ఆవునకిచ్చు మందునే బరువునుబట్టి తగ్గించి పామునకిచ్చినచో చాలునని తొలుత తలచిరి. జెంటామైసిన్ అను మందును మనుష్యులకు దినమునకు ఒకటికంటె ఎక్కువమారులు ఇచ్చుట వాడుకగా నుండెను. మిచెల్ బుష్ మున్నగు అమెరికా వైద్యులు 1978లో కొలిచి చూడగా, ఆ మందు పాము శరీరమున మిక్కిలి నెమ్మదిగా తరుగునని తేలెను. అందుచే మూడు దినములకు ఒకమారు, అనగా 72 గంటలకొక సూదిమందు చాలునని నిర్ణయించిరి. మనుష్యులకువలె ఇచ్చినచో మూత్రపిండములు పాడై రోగి మందుచేతనే చచ్చును. ఇక ఐవర్‌మెక్టిన్ అనునది పురుగులను, పేలను, గోమారులను రాల్చు దివ్యౌషధము. పశువుల పాలిటి వరము. అది తాబేటికి విషమని, పక్షవాతము తెచ్చి ప్రాణము తీయునని 1983లో ప్రకటించిరి. ఒక జాతికి అమృతమైనది మరియొక జాతికి హాలాహలము. తెలిసీ తెలియని చికిత్స చికిత్స చేయకుండుటకంటె ప్రమాదకరమనుటకు ఇది చాలును.

గిల్బర్ట్ వైట్ త్రాసును మరువలేదు గదా! రెండు శతాబ్దముల పిదప ఇంగ్లండులోనే ఆలిఫెంట్ జాక్సన్ అను పశువైద్యుడు అనేకములైన తాబేళ్ళను తూచి, డిప్పల పొడవు కొలిచి, ఆరోగ్యవంతములైనవాని బరువు పొడవునుబట్టి ఎంత యుండవలెనో గీతలలో చూపెను. 1980లో ప్రకటితమైన ఆ లెక్కతో, చలికాలపు నిద్రకు పోబోవు తాబేలు ఆ నిద్రను తట్టుకొనగలదో లేదో సామాన్యగృహస్థుడును చెప్పగలిగెను. వైట్ ఊరక వ్రాసిపెట్టిన బరువులకు ఇన్నాళ్ళకు అర్థము చేకూరెను. మూలుగని రోగికి త్రాసే నోరైనది.

1981లో ఫ్రెడ్రిక్ ఫ్రై అమెరికాలోను, కూపర్, జాక్సన్ అను వారు ఇంగ్లండులోను పెద్ద గ్రంథములు ప్రకటించిరి. ఈ వైద్యులకై 1991లో ఒక ప్రత్యేకసంఘము వెలసెను. అనగా, ఈ విద్యకు పుస్తకమును సంఘమును ఏర్పడి యింకను అర్ధశతాబ్దమైనను కాలేదు. ఇదే కాలమున ప్రభుత్వములును మేలుకొనినవి. చిన్న తాబేళ్ళనుండి పిల్లలకు సాల్మొనెల్లా అను విరేచనవ్యాధి సోకుచున్నదని, 4 అంగుళములకు లోపు డిప్పగల తాబేళ్ళ అమ్మకమును అమెరికాలో 1975లో నిషేధించిరి. మధ్యధరా తాబేళ్ళ దిగుమతిని ఐరోపా సమాజదేశములు 1984లో ఆపివేసినవి.

మన దేశపు సంగతి చూతము. కలకత్తా అలీపూరు ఉద్యానమున అద్వైత అను మహాకూర్మము దీర్ఘకాలము జీవించినది. అది రాబర్ట్ క్లైవు పెంచినదని జనశ్రుతి. దాని డిప్ప పగిలి పుండుపడెను. తుదకు కాలేయము చెడి, 2006 మార్చి నెలలో అది మరణించెను. వందలయేండ్లు బ్రతుకు ప్రాణికిని రోగము వచ్చునని, వచ్చినపుడు దానికిని వైద్యుడు కావలెనని ఆ మరణము దేశమునకు గుర్తుచేసినది. మద్రాసులో రోములస్ విటకర్ మున్నగువారి కృషిచే పాముల ఉద్యానమును, 1976లో మొసళ్ళ సంరక్షణకేంద్రమును వెలసి, సరీసృపములను దగ్గరగా చూచి నేర్చుకొను అవకాశము మనవారికిని కల్పించినవి.

కాని మన యిండ్లలో ఈ వైద్యమునకు అడ్డుపడునది అజ్ఞానమొక్కటియే కాదు, భయము కూడ. మన మెట్టప్రాంతములలో పసుపు నక్షత్రముల డిప్పతో తిరుగు తాబేలు కలదు. నక్షత్రతాబేలను ఆ జీవి ఇంట నున్నచో సిరి కలుగునని కొందరి నమ్మకము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దానిని పట్టుటను పెంచుటను నిషేధించినది. 2019లో అంతర్జాతీయ ఒడంబడికయు, 2022 నాటి చట్టసవరణయు దానికి అత్యున్నతరక్షణ కల్పించినవి. ఉడుమునకు, కొండచిలువకు సయితము చట్టరక్షణ కలదు. అయినను రహస్యముగా పెంచువారున్నారు. ఆ తాబేలు జబ్బుపడినచో వారు వైద్యునికి చూపుటకు వెరతురు. దాచిన నేరము బయటపడునని తలతురు. తుదకు సిరి తెచ్చునన్న జీవి, చీకటిగదిలో, ఎండకు నోచుకొనక, డిప్ప మెత్తబడి చచ్చును. దానికి మందు లేక కాదు. దానిని వెలుగులోనికి తెచ్చు ధైర్యము ఆ యింట లేక. అట్టివారు చేయదగిన పని ఒక్కటే: ఆలస్యము చేయక అటవీశాఖవారికి దానిని అప్పగింపవలెను.

అంగళ్ళలో దొరకు ఎర్రచెవుల నీటితాబేలు మన దేశపుది కాదు. అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము దాని పుట్టిల్లు. నాణెమంత యున్నపుడు కొనుటకు ముచ్చటగా నుండును. అది పళ్ళెమంత పెరుగును, దశాబ్దములు బ్రతుకును. విసిగినవారు దానిని చెరువులో విడుతురు. అది మన చెరువుల ప్రాణులకు చేటు.

అట్టి తాబేలు ఇప్పటికే ఇంట నుండి, అది మేత మానినచో ఏమి చేయవలెను? చరిత్ర చెప్పిన పాఠములే గృహవైద్యపు పాఠములు. వేడిమియే దాని జ్వరము గనుక, మొదట దానిని వెచ్చగా నుంపవలెను. మాడునట్లు కాదు, ఇష్టమైనపుడు నీడకు జరుగు వీలుతో. కిటికీ గాజువెనుకనుండి వచ్చు ఎండ ఎండకాదని జోన్ ప్రోక్టర్ కట్టిన గృహము చెప్పుచున్నది. వారమునకొకమారు తూచి బరువు వ్రాసిపెట్టవలెను. ఆ కాగితము వైద్యునకు పదిమాటల పెట్టు. నోరు బలవంతముగా తెరచి మేత కుక్కరాదు. కుక్కకో ఆవుకో వాడగా మిగిలిన మందు ఎట్టి పరిస్థితిలోను వేయరాదు. తాకిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గుడ్డ పరచిన, గాలియాడు పెట్టెలో నుంచి, పట్టణమున సరీసృపముల నెరిగిన పశువైద్యుని, లేనిచో పశువైద్యకళాశాల చికిత్సాలయమును ఆశ్రయింపవలెను. అచ్చట దాని తొట్టె, నీరు, మేత, దీపము గూర్చి దాపరికము లేక చెప్పవలెను. సరీసృపముల రోగములలో పెక్కు ఆ తొట్టెలోనే పుట్టును. కారణము తెలిపిన గృహస్థుడు సగము వైద్యము చేసినవాడగును.

ఒక్కొక్కప్పుడు వైద్యుడు ఇంత ఆలస్యముగా తెచ్చితిరేమని అడుగును. ఆ ప్రశ్న ఆ గృహస్థునికే కాదు, మానవజాతికంతటికి వర్తించును. గుర్రమునకు, ఏనుగునకు, చెట్టుకు సయితము వైద్యము కనుగొన్న మనము తాబేటియొద్దకు వచ్చుటకు ఇన్ని శతాబ్దములు తీసికొంటిమి. అది మూలుగలేదు; మనము అడుగలేదు. అడవిలో నున్న జీవికి అడవియే వైద్యుడు. దానిని తొట్టెలోనికి తెచ్చినవాడు ఎండను, నేలను, నీటిని దానినుండి తీసికొనెను. వానిని తిరిగి యిచ్చు బాధ్యతయు వానిదే. ఆ బాధ్యత మోయలేమని తోచినచో అంగడి గాజుతొట్టె ముందునుండి పిల్లలను చేయిపట్టి ఇంటికి కొనివచ్చుటయు ఒక వైద్యమే. దానివలన ఒక ప్రాణి రోగము పాలుగాకుండ తప్పును.